నలభై మూడు జతల చెప్పులు

నేను కోతలు కోస్తానని నీలాటిపేటలో అందరికీ తెలుసు. నా ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు గానీ, కోతల పేరయ్య ఇల్లెక్కడ అని అడిగితే గట్టుకింద వీధిలో పాలు తాగే పిల్ల కూడా వేలు చూపిస్తుంది. కాలవ లాకుల దగ్గర ముప్పై నాలుగేళ్లు లస్కరుగా చేశాను. తలుపులు ఎత్తడం, దించడం, నీళ్లు వదలడం నా పని. ఒకసారి వరదకు లాకు తలుపు ఊడిపోతే వీపు అడ్డం పెట్టి మూడు పూటలు గోదావరిని ఆపానని నేను చెబుతుంటే, ఎదురింటి టైలరు గంగరాజు మిషను తొక్కడం ఆపి, "అవును బాబాయ్, ఆ మూడు పూటలూ నీకు అన్నం కూడా చేపలే తినిపించాయంట" అనేవాడు.

ఇప్పుడు చెప్పేది కోత కాదు. కాదని నేనంటే మీరు నమ్మరని తెలుసు. ఇందులో ఒకచోట ఒక పెద్ద అబద్ధం వస్తుంది. అది వచ్చినప్పుడు నేనే చెబుతాను.

రాబోయే ముప్పై ఏళ్లకు ఊరు ఎలా ఉండాలో మా మున్సిపాలిటీ వాళ్లు ఒక ప్రణాళిక తలపెట్టారు. ఇంతకు ముందు కూడా ఒకటి ఉండేది. అది ఎవరో ఆఫీసులో కూచుని స్కేలు పెట్టి గీసింది. అందులో ఒక రోడ్డు చెరువు నడిమధ్య నుంచి పోయేది. మా మూడో వార్డు కాలవ గట్టు కింద పల్లంలో ఉంటుంది. ఆ కాగితంలో మాత్రం మేము మెరకలో ఉన్నాం. అందుకని మురుగుకాలవ మాకు అక్కర్లేదన్నారు. శ్రావణం వచ్చిందంటే మంచాలు అటకెక్కేవి. మా సుగుణ ఆ నీళ్లలోనే పోయింది. మాకు ఒక్కతే కూతురు, ఏడేళ్లు. అప్పటికి అది జరిగి ముప్పై ఒక్క ఏళ్లు.

"ఈసారి జనాన్ని అడిగి గీస్తాం" అన్నారు చైర్మన్ తాతబ్బాయి గారు. జనాన్ని అడిగితే జనం ఏం చెబుతారు, పక్కింటివాడి గోడ గురించి చెబుతారు. రెండు సభలు అలాగే అయ్యాయి. మూడో సభకు ఆయన విశాఖపట్నం నుంచి వాసంతి గారిని, ఆవిడ కుర్చీని తెప్పించారు.

కుర్చీ చూడటానికి మంగలి షాపులో కుర్చీలా ఉంటుంది. కాళ్ల దగ్గర రెండు రాగి పలకలు, తల వెనక వెదురుబుట్టంత జల్లెడ. మొదట చైర్మన్ గారే చెప్పులు విప్పి కూచున్నారు.

"కళ్లు మూసుకోండి సార్. మీ గడప దిగి ఆఫీసుకు రోజూ వెళ్లినట్టే మనసులో నడవండి" అంది వాసంతి గారు.

కల్యాణమండపం గోడమీద ఒక వెలుగు గీత బయలుదేరింది. వీధి మలుపులు, గుంత దగ్గర పక్కకు జరగడం, గేదెలు కట్టేసిన చోట కాస్త తొందర, అన్నీ అచ్చం నడిచినట్టే. మార్కెట్టు మూల మిరపకాయ బజ్జీల బండి దగ్గర గీత ఆగింది. కదలదు. డాక్టరు ఆయన్ని నూనె ముట్టుకోవద్దన్న సంగతి ఊరంతటికీ తెలుసు. మండపం మండపమంతా నవ్వింది.

"పాదాలకు తెలిసినంత నోటికి తెలియదు తాతగారూ" అంది వాసంతి గారు, ముందు వరసలో పగలబడి నవ్వుతున్న నాతో. "ఊళ్లో ఇంటికి ఒకరు వచ్చి కూచుంటే చాలు. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ దీపం లేదో, ఎక్కడ జనం భయపడతారో అన్నీ గోడమీదకు వచ్చేస్తాయి. అవన్నీ కలిపితే ప్రణాళిక."

"మరి గోడమీదకు వచ్చేస్తే మా దగ్గర ఏం మిగుల్తుందమ్మా?" అన్నాను ఎగతాళికి.

ఆవిడ నవ్వలేదు. "రాత్రి పడుకుని లేచాక ఆ దారి నాలుగు రోజులు గుర్తుండదు. క్షవరం చేయించుకున్న జుట్టులాగా మళ్లీ పెరుగుతుంది. అందుకే ఒక మనిషి ఒక్కసారే కూచోవాలి."

చెప్పినట్టే చైర్మన్ గారిని నాలుగు రోజులు డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆఫీసు మెట్లెక్కించాడు. అయిదో రోజు తనంతట తానే బజ్జీల బండి దగ్గరికి వెళ్లిపోయారు. దాంతో ఊరికి ధైర్యం వచ్చింది.

మూడో వార్డు వంతు గురువారం. వాసంతి గారు కొత్తగా తెప్పించిన రెండో కుర్చీతో నాలుగో వార్డులో ఉండిపోయింది. మా దగ్గర పేర్లు టిక్కు పెట్టడానికి పన్నుల గుమస్తాను కూచోబెట్టారు. ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. రేషను షాపు దగ్గరైనా, కిరసనాయిలు రోజుల్లోనైనా, మేము మనుషులం నిలబడం. చెప్పులు నిలబెడతాం. ఎవరి చెప్పులు వరసలో ఉంటే వాళ్లు ఉన్నట్టే. వంతు వచ్చినప్పుడు అక్కడున్నవాళ్లు ఎవరో ఒకరు తీసి పెడతారు. ఇందులో మోసం లేదు, మాట లేదు. నా తాత నాటి నుంచి ఇదే మర్యాద.

ఆ గురువారం మండపం ముందు నలభై మూడు జతల చెప్పులున్నాయి. మనిషి ఒక్కతే ఉంది. మా ఆవిడ నూకరత్నం.

ఆవిడ నలభై ఏళ్లుగా ఆకుకూరలమ్ముతోంది. తోటకూర, బచ్చలి, గోంగూర తట్టలో పెట్టుకుని గడప గడపకూ తిరిగిన మనిషి. ఏ ఇంటి మెట్టు విరిగిందో, ఏ సందులో నీళ్లు ముందు లేస్తాయో ఆవిడకు తెలిసినట్టు ఆ ఇళ్లవాళ్లకే తెలియదు. "పిన్నీ, నాకు పెళ్లి జాకెట్లున్నాయి, నా తరఫున నువ్వు కూచో" అన్నాడు గంగరాజు. "పిన్నీ, నా పేరు కూడా" అంది వెనక వీధి కోడలు. ఇంకొకరికి జ్వరం, ఇంకొకరికి చుట్టాలు. అందరూ చెప్పులు వదిలి పోయారు. గుమస్తా మా వార్డువాడే. ఆవిడ కూచున్న ప్రతిసారీ ఒక పేరుకు టిక్కు పెట్టాడు.

ఆ నలభై మూడు జతల్లో ఒకటి నాది. "నేను కూచుంటే ఆ గోడమీద అన్నీ కోతలే వస్తాయి, ప్రణాళిక పాడైపోద్ది. నాది కూడా నువ్వే లాగించెయ్" అని చెప్పి టీ తాగడానికి వెళ్లాను.

సాయంత్రం తట్ట చంకన పెట్టుకుని వచ్చి అరుగుమీద కూలబడింది.

"నలభై మూడు గడపల నుంచి నలభై మూడుసార్లు మార్కెట్టుకి నడిచానయ్యా. కూచున్నచోటే కాళ్లు పీకేత్తన్నాయి" అంది.

"ఒక్కో గడపలో ఒక్కో కట్ట అమ్మినా తట్ట ఖాళీ అయిపోను" అన్నాను. నవ్వింది. ఆవిడ నా మాటకు నవ్వి, ఆ నవ్వుతోనే ఇంట్లోకి వెళ్లడం, అంతా మామూలే.

ఎలాగూ దారి గుర్తుండదని నాలుగు రోజులు ఇంటిపట్టునే ఉంచాను. అయిదో రోజు తట్ట ఎత్తుకుని వెళ్లిన మనిషి మధ్యాహ్నం భోజనానికి రాలేదు. వెతుక్కుంటూ వెళితే మా ఇంటికి రెండు సందుల అవతల కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. తట్టలో బచ్చలి వాడిపోయింది.

"ఏం చేత్తన్నావే ఇక్కడ?"

"ఇల్లు ఎటయ్యా?" అంది. సిగ్గుపడుతున్నట్టు మెల్లగా అడిగింది.

పదో రోజుకీ అంతే, ఇరవయ్యో రోజుకీ అంతే. చిత్రమేమంటే ఇంట్లోకి వచ్చాక అన్నీ తెలుసు. ఉప్పు డబ్బా ఎక్కడుందో, నా కళ్లజోడు ఎక్కడ పారేశానో ఆవిడే చెబుతుంది. మనుషులందరూ తెలుసు. గడప దాటితే మాత్రం ఊరు తెల్ల కాగితం. గంగరాజుకు చెబితే, "బాబాయ్, ఆడాళ్లమీద కోతలు కొయ్యకు, పాపం" అన్నాడు. ఇంకెవరికి చెప్పినా అదే. అరవై ఏళ్లు అబద్ధాలాడినవాడికి నిజం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

ఒక సాయంత్రం కూర తరుగుతూ ఆవిడ కత్తిపీట ఆపేసింది.

"ఊళ్లో ఒకచోటికి నేను పోకూడదు. ఆ మాట గుర్తుంది. ఏ చోటో గుర్తు రావట్లేదు. నీకేమన్నా తెలుసా?"

"కల్లు పాక అయి ఉంటాది" అన్నాను.

"చాల్లే" అంది. తరగడం మాత్రం చాలాసేపు మొదలుపెట్టలేదు.

మర్నాడు చెయ్యి పట్టుకుని ఆవిడను వాసంతి గారి దగ్గరికి తీసుకెళ్లాను. కల్యాణమండపం వెనక గదిలో నాలుగు తెరలు పెట్టుకుని ఊరంతటినీ కలుపుతోంది. మూడో వార్డు తెరను చూపించి, "చూడండి తాతగారూ, అన్నిటికంటే బాగా వచ్చింది మీ వార్డే. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో గుమ్మం గుమ్మానికీ తెలిసిపోయింది. మురుగుకాలవ ఎక్కడ తవ్వాలో ఇంజనీరుకు వేలు పెట్టి చూపించినట్టుంది" అంది.

నేను చెప్పుల సంగతి చెప్పాను.

ఆవిడ వింటూనే ఏవో మీటలు నొక్కింది. నలభై మూడు గీతలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. అన్నిట్లోనూ ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. మా ఆవిడకు ఎడమ మోకాలు నొప్పి. వాసంతి గారు లేచి వచ్చి నూకరత్నం కాళ్ల దగ్గర నేలమీద కూచుంది.

"ఒకసారి కోసిన జుట్టు మొలుస్తుందమ్మా. నలభై మూడుసార్లు కోస్తే వేరు దాకా పోయింది. నేను ఆ రోజు అక్కడ ఉండాల్సింది."

"నువ్వేం చేస్తావులే తల్లీ. చెప్పులు పెట్టింది మేము" అంది నూకరత్నం.

"తిరిగి పెట్టడం కుదరదామ్మా?" అన్నాను.

కుదురుతుందంది. కౌన్సిలు తీర్మానం అయ్యేదాకా అడుగులన్నీ కుర్చీలోనే ఉంటాయి. తీర్మానం కాగానే, ఎవరి అడుగు ఎవరిదో బయటపడకుండా చెరిపెయ్యాలని చట్టం. తిరిగి పెడితే మొత్తం పెట్టాలి, ఇది కావాలి అది వద్దు అని ఏరడానికి లేదు. పెట్టిన మరుక్షణం తెరమీద మూడో వార్డు ఖాళీ అయిపోతుంది. అడగడానికి ఇంకో గడువు లేదు కాబట్టి మా వార్డుకు మళ్లీ ఆ పాత కాగితమే దిక్కు. మేము మళ్లీ మెరకలో ఉంటాం.

"తీర్మానం సోమవారం. అభ్యంతరాలు వినే సభ కూడా అదే రోజు. అమ్మే నిర్ణయించుకోవాలి" అంది వాసంతి గారు.

ఇంటికి వస్తూ నేను నూకరత్నానికి గట్టిగా చెప్పాను. "తీసేసుకుందాం. వార్డు సంగతి వార్డు చూసుకుంటుంది. ముప్పై ఏళ్లు నీళ్లలో ఉన్నాం, ఇంకో ముప్పై ఉంటాం. సభలో నేను లేచి అడుగుతాను. నువ్వు ఊఁ అను, చాలు."

"నీకెందుకయ్యా అంత తొందర?"

"రోజూ నిన్ను వెతకలేక చస్తన్నాను."

"అంతేనా?"

అంతే కాదు. తట్ట నెత్తిన పెట్టుకుని సందు మలుపులో ఆవిడ నడిచి వచ్చే తీరు ఒకటుండేది. ఊరు తనదైనట్టు నడిచేది. ఇప్పుడు నా చొక్కా అంచు పట్టుకుని నడుస్తోంది. ఆ మాట చెప్పడం నాకు చేతకాలేదు.

సోమవారం మండపం నిండిపోయింది. చెప్పుల సంగతి అప్పటికి వాసంతి గారి నోట వార్డంతా విన్నది. గంగరాజు నా పక్కకు వచ్చి కూచున్నాడు గానీ నా మొహం చూడలేదు. గోడమీద ముప్పై ఏళ్ల తర్వాతి నీలాటిపేట మెరుస్తోంది. నీలం గీతలు నీళ్లవి, పచ్చ గీతలు దారులవి. ఒక్కో వార్డు చదువుతున్నారు. ప్రతి దారికీ పక్కన "కారణం" అని ఒక గడి ఉంది. గడి ఖాళీగా ఉంటే ఆ దారి చట్టప్రకారం చెల్లదు.

మూడో వార్డు వచ్చేసరికి ఇంజనీరు గారు కర్రతో ఒకచోట తట్టారు.

"రైసుమిల్లు వెనక దారి నేరుగా పోకుండా ఇక్కడ వంపు తిరిగింది. గోడ వారగా అరవై అడుగులు చుట్టు. నేల బాగానే ఉంది, అడ్డం ఏమీ లేదు. నలభై మూడు మంది నలభై మూడుసార్లూ ఇక్కడ పక్కకు తప్పుకున్నారు. కారణం చెబితే వంపు ఉంచుతాం. లేకపోతే నేరుగా రోడ్డు వేస్తాం."

మా వార్డులో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆ చోటే మా సుగుణను నీళ్లు తీసుకుపోయిన చోటు. శ్రావణమాసం, రోడ్డూ కాలవా ఒక్కటైపోయి ఉన్నాయి, పిల్ల రోడ్డనుకుని అడుగు వేసింది. ఆనాటి నుంచి నూకరత్నం ఆ నేలమీద కాలు పెట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నెత్తిన తట్టతో అరవై అడుగులు చుట్టు తిరిగింది. ఎవరూ ఎందుకని అడగలేదు. కుర్చీలో కళ్లు మూసుకుని కూడా తిరిగింది. గంగరాజు గడప నుంచి నడిచినా తిరిగింది, నా గడప నుంచి నడిచినా తిరిగింది.

నూకరత్నం గోడవంక కళ్లు చిట్లించి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏవుందయ్యా అక్కడ?"

ఆవిడకు సుగుణ తెలుసు. వరద తెలుసు. చోటు ఒక్కటే తెలియదు. అంతమంది ముందు, ఆ మెరిసే గోడ ముందు, కర్ర పెట్టి చూపిస్తుంటే, ఇక్కడే నీ కూతురు పోయింది అని కొత్తగా చెప్పాలి నేను. ఒకసారి చెప్పాను ఆ మాట. ముప్పై ఒక్క ఏళ్ల కింద, లాకుల దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి, నేనే చెప్పాను. రెండోసారికి నాలో మాట లేదు.

ఇదిగో, మీకు చెప్పిన అబద్ధం ఇక్కడ వస్తుంది.

లేచి నిలబడ్డాను. "చైర్మన్ బాబుగారూ, అక్కడ చేప ఉందండి."

"చేపేమిటి పేరయ్యా?"

"వాలుగ చేపండి. పెద్ద వరదకి గట్టు దాటి వచ్చేసింది. మీసాలు ఒక్కోటీ కరెంటు స్తంభమంత ఉన్నాయండి. నీళ్లు తీశాక మిల్లు గోడకీ కాలవకీ మధ్య ఇరుక్కుపోయింది. నలభై మందిమి తాళ్లేసి లాగినా కదలలేదు. ఇంక చేసేదేముంది, ఉన్నచోటే మన్ను కప్పేశాం. చచ్చిందనుకున్నాం గానీ చావలేదండి. వానాకాలం వస్తే కింద నుంచి ఆవులిస్తాది. పైన ఎవరన్నా నడిచారంటే నేల లోపలికి దిగిపోతాది. అందుకని మా వార్డులో అందరం చుట్టు తిరిగి పోతామండి."

మండపంలో ఎవరూ నవ్వలేదు. చైర్మన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇతనంటే కోతలరాయుడు. మీలో ఎవరన్నా చూశారా ఆ చేపను?"

నా జన్మలో నన్ను ఒక్కసారి కూడా నమ్మని గంగరాజు లేచాడు. "నేను చూశానండి. తోక వైపు తాడు నేనే పట్టుకున్నాను." వెనక వీధి కోడలు లేచింది. ఆ పిల్ల మా ఊరికి కాపురానికి వచ్చి ఆరేళ్లు కూడా కాలేదు. "ఆవులింత నేను విన్నానండి" అంది. ఒకరి వెనక ఒకరు మూడో వార్డంతా లేచి నిలబడింది. అందరూ చూశారు.

చైర్మన్ గారు వాళ్లందరినీ చూసి, మా ఆవిడను చూసి, గుమస్తావైపు తిరిగారు. "కారణం గడిలో స్థానికుల విశ్వాసం అని రాయండి. వంపు ఉంచండి."

అప్పుడు నేను అడగాల్సింది అడగబోయాను. నోరు తెరిచేలోపు నూకరత్నం లేచింది. నవ్వుతోంది. ఆ నెలరోజుల్లో అలా నవ్వడం నేను చూడలేదు.

"ఇదా నేను పోకూడని చోటు? చేప కోసం పక్కకు తిరిగేదాన్నా? నేనింకా ఏదో పోగొట్టుకున్నానని బెంగపెట్టుకున్నాను" అంది. వాసంతి గారివైపు తిరిగి, "అమ్మా, నా అడుగులు నాకొద్దులే. అలాగే ఉండనీ. కాలవ తవ్వండి. మా వీధిలోకి నీళ్లు రాకపోతే అంతే చాలు. నీళ్లు ఒక పిల్లను తీసుకున్నాయి, ఇంకో పిల్లను తీసుకోకూడదు. ఇంటికి దింపడానికి వీళ్లందరూ ఉన్నారు."

నేను నిలబడే ఉన్నాను. నిజం చెప్పి ఉంటే ఆవిడ అడుగులు తిరిగి తీసుకునేది. ఎంత నొప్పైనా సరే, సుగుణ పోయిన చోటును ఊరి కుర్చీలో వదిలి వచ్చే తల్లి కాదు నూకరత్నం. చేపను మాత్రం వదిలేసింది. అడగాల్సిన మాట గొంతులో పెట్టుకుని కూచున్నాను. చేతులెత్తించారు. తీర్మానం అయింది.

బయట మెట్లమీద వాసంతి గారు నా పక్కకు వచ్చింది. "నిజంగా అక్కడ ఏముంది తాతగారూ?"

"చేపేనమ్మా" అన్నాను.

ఆవిడ నా చెప్పులవంక చూసి వెళ్లిపోయింది. కుర్చీలో అడుగులు ఆ సాయంత్రమే చెరిపేశారు.

ఇది జరిగి నాలుగేళ్లు. కాలవ తవ్వారు. మూడు శ్రావణాలు పోయాయి, మా వీధిలో మడమ తడవలేదు. అటకమీద మంచాల కోసం కొట్టిన మేకులు పీకేశాం. మొదటి ఏడాది నూకరత్నాన్ని ఇంటికి దింపడానికి వార్డంతా వంతులు వేసుకుంది. తర్వాత వంతులు పలచబడ్డాయి, ఎవరి పనులు వాళ్లవి. ఇప్పుడు గంగరాజూ నేనూ మిగిలాం.

రైసుమిల్లు వెనక కొత్త రోడ్డు పడింది. సరిగ్గా ఆవిడ తిరిగినట్టే, గోడ వారగా అరవై అడుగులు వంపు తిరుగుతుంది. ఆటోలు తిరుగుతాయి, బడిపిల్లల సైకిళ్లు తిరుగుతాయి, చైర్మన్ గారి కారు తిరుగుతుంది. మధ్యలో చాపంత పచ్చిక మిగిలింది. ఊరంతా చుట్టు తిరిగిపోయే ఆ పచ్చికమీద గోనెపట్టా పరుచుకుని నూకరత్నం ఆకుకూరలమ్ముతుంది. అక్కడ గాలి బాగుంటుందట. పొద్దున నేను దింపుతాను. రోడ్డు దిగి నేరుగా పచ్చిక తొక్కుకుంటూ వెళ్లి కూచుంటుంది. నేను వంపంతా తిరిగి అవతలి నుంచి తట్ట అందిస్తాను.

"ముసలాడివి అయ్యావు, నీకా చేపంటే ఇంకా భయమేనా?" అంటుంది.

"భయమే" అంటాను.

సాయంత్రం బడి వదిలాక పిల్లలు ఆవిడ చుట్టూ చేరి చేప కథ చెప్పమంటారు. నాకంటే బాగా చెబుతుంది ఇప్పుడు. మీసాలు, తాళ్లు, ఆవులింత, అన్నీ నావే. మొన్న తట్ట తీసుకుపోవడానికి వెళ్లి వంపులోనే నిలబడి విన్నాను. ఆ చేప ఊరికే రాలేదర్రా, దాని పిల్ల నీళ్లలో తప్పిపోతే వెతుక్కుంటూ గట్టు దాటి వచ్చింది అని చెబుతోంది.

అది నేను చెప్పింది కాదు.